ఫిల్ము పెట్టని కెమెరా ముందు అమ్మ

మా మనవరాలు చేతిలో ఫోను పట్టుకుని పొద్దున్నించి నన్ను ఇల్లంతా తిప్పుతోంది. సోఫాలో కూర్చోబెట్టింది. బాల్కనీలో నిలబెట్టింది. బైబిలు వాక్యాల క్యాలెండరు కింద కుర్చీ వేసి మళ్ళీ కూర్చోబెట్టింది. "అమ్మమ్మా, జర నవ్వు" అంటుంది. నవ్వితే "అంత కాదు" అంటుంది. ఈ మధ్య మా ఇంట్లో అందరికీ నా ఫోటో మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఎందుకో నాకు తెలుసు. నాకొచ్చిన రోగం పేరు నా ముందు ఎవరూ పలకరు గానీ, దవాఖాన కాగితాలు వచ్చిన మర్నాడే మా అమ్మాయి వంటింట్లో "అమ్మది మంచి ఫోటో ఒక్కటి లేదు" అని గుసగుసలాడటం విన్నాను. ఒంట్లో తక్కినవన్నీ మూలపడ్డాయి గానీ చెవులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

తీసినవి చూపించింది. సోఫా ఫోటోలో నా నెత్తిలోంచి కిటికీ ఊచ మొలిచింది. బాల్కనీలో వెనక ఆరేసిన లంగాలు. క్యాలెండరు కింద కూర్చున్నదాంట్లో ట్యూబులైటు వెలుగు పైనుంచి పడి కళ్ళు రెండూ గుంటల్లా ఉన్నాయి. "నేనింకా బతికే ఉన్నానే తల్లీ" అన్నాను.

"ఫికర్ చెయ్యకు అమ్మమ్మా. ఎనకది మొత్తం మసక చేస్త. దీంట్ల ఆప్షన్ ఉన్నది."

మసక చేసింది. లంగాలతో పాటు నా చెవి కూడా సగం పోయింది.

ఇక ఊరుకోలేకపోయాను. హిమాయత్‌నగర్‌లోని ఈ ఫ్లాటులో ముఖానికి పనికొచ్చే వెలుగు ఒక్క చోటే ఉంది, హాల్లో ఉత్తరం కిటికీ దగ్గర. "కుర్చీ అక్కడ వెయ్యి. గోడకు ఆనించకు, ముందుకు జరుపు, నా నీడ గోడ మీద పడితే పాడుగా ఉంటుంది. కిటికీకి నీ తెల్ల దుపట్టా కట్టు. ఇటు పక్కన చీకటైపోకుండా ఆ దిండు గలీబు ఏదన్నా తెల్లది కుర్చీ మీద ఆరెయ్యి. దగ్గరికి రా. నెత్తి మీద అంత ఖాళీ ఎందుకు? కళ్ళు పటం మధ్యకి రాకూడదు, కొంచెం పైన ఉండాలి." అది నోరు తెరుచుకుని చూసింది.

"నీకు గివన్నీ ఎట్ల తెలుసు?" అని, అంతలోనే గోడ మీదికి చూసింది. అక్కడ మా అమ్మ ఫోటో ఉంది. నలుపు తెలుపు, ముఖం ఒక్కటే, వెనక బూడిద రంగు. "తాతమ్మ ఫోటో కూడ ఇట్లనే తీసిన్రా? ఎంత మంచిగ వచ్చింది! కానీ తాతమ్మ ఎందుకట్ల ఏడ్సినట్టు ఉంటది?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మా ఇంట్లో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ అడిగారు. మా ఆయన పెళ్ళైన కొత్తలో అడిగాడు. మా పిల్లలు అడిగారు. "సున్నితమైన మనిషి" అని చెప్పి తప్పించుకునేదాన్ని. ఈసారి తప్పించుకునే ఓపిక లేకపోయింది.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే దారిలో ఒక మేడ మీద మా నాయనకు ఫోటో స్టూడియో ఉండేది. ముందు గది స్టూడియో, వెనక రెండు గదులు మా కాపురం, మధ్యలో కిటికీ లేని చీకటి గది. మొత్తం కిరాయికే. ఫోటోలు కడిగే మందు వాసన పుల్లగా ఇల్లంతా పట్టి ఉండేది. అమ్మ గోంగూర ఉడికిస్తే ఆ పులుపేదో ఈ పులుపేదో తెలిసేది కాదు. కింద ఇరానీ హోటలు. మధ్యాహ్నం పూట అక్కడి బిస్కెట్లు బట్టీలోంచి తీసిన వాసన మెట్లెక్కి వచ్చేది. అప్పుడు నేను ఏదో ఒక వంకతో కిందికి దిగేదాన్ని, విరిగిన బిస్కెట్ల కోసం.

నాయన మెదక్ వైపు మనిషి. అమ్మ కోస్తాలో క్రైస్తవ మిషను ఉన్న ఒక ఊరి పిల్ల. ఇద్దరిదీ ఒకే బైబిలు గానీ తెలుగు మాత్రం వేరు. అమ్మ "ఏవండీ" అంటే నాయన "ఏందే" అనేవాడు. అమ్మ నవ్వేది. మా అమ్మ ఊరికే నవ్వే మనిషి. ఈ ఒక్క సంగతి ముందే చెప్పి పెడుతున్నాను.

స్టూడియోలో చుట్టి పెట్టిన తెరలు ఉండేవి. ఒకదాని మీద తోట, ఒకదాని మీద పాలరాతి మెట్లు, ఒకదాని మీద నిండు చందమామ. వచ్చినవాళ్ళందరికీ చందమామే కావాలి. నాయన నిలువెత్తు ఫోటోలకు అవన్నీ దింపేవాడు గానీ, ముఖం ఒక్కటే తియ్యాలంటే మాత్రం బూడిద రంగు గుడ్డ తప్ప ఏదీ దింపేవాడు కాదు. "మెట్లు సూడనీకి వచ్చిన్రా, పిల్లను సూడనీకి వచ్చిన్రా?" అని పెళ్ళిచూపుల ఫోటోల కోసం వచ్చినవాళ్ళను కసిరేవాడు. గుడ్డకూ మనిషికీ నడుమ ఒక మనిషి నడిచిపోయేంత చోటు వదలమనేవాడు. కిటికీలో మంచి వెలుగు పొద్దున కాసేపే. తక్కిన పొద్దంతా రేకు డిప్పల్లో పెట్టిన పెద్ద బల్బులు, వాటి పసుప్పచ్చని వెలుగు, వాటి వేడి.

కిటికీ తెర దించి ఆ దీపాలు సర్దుకోవడానికి నాయనకు ఒక ముఖం కావాలి. ఆ ముఖం అమ్మది. రోజూ పొద్దున గిరాకీ రాకముందు నాయన కేక వేసేవాడు. అమ్మ ఉల్లిపాయ తరిగిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుండ్రటి స్టూలు మీద కూర్చునేది. నాయన కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చి అక్కడినుంచే మాట్లాడేవాడు.

"గదుమ జర లేపు. ఎడమకు మర్లు. గంత కాదే."

"ఏవండీ, పొయ్యి మీద పప్పుంది. మీ నీడలూ మీరూ!"

"నీ మొఖం మీద కుదిరిందంటే ఎవల మొఖం మీదనన్న కుదురుతది. జర ఆగు."

అమ్మకు నుదురు వెడల్పు, కళ్ళు లోతు. ఆ లోతులోకి వెలుగు పోయేదాకా నాయన దీపాలు జరుపుతూనే ఉండేవాడు. పోయిందంటే "ఇగ లే" అనేవాడు. అమ్మ లేచి పప్పు దగ్గరికి పరుగెత్తేది. అంతే. కెమెరాలో ఫిల్ము ఉండేది కాదు. ఊరికే వెలుగు చూసుకోవడానికి ఫిల్ము ఎవరైనా పాడుచేస్తారా?

నాయన దీపం సర్దడానికి అటు పోగానే నేను నల్లగుడ్డలో దూరేదాన్ని. లోపల గాజు పలక మీద అమ్మ తలకిందులుగా కనబడేది. ఆ కెమెరాల్లో అట్లాగే కనబడుతుంది. నేను దూరానని తెలిసి అమ్మ నాలుక బయటపెట్టేది. తలకిందుల అమ్మ, తలకిందుల నాలుక. గుడ్డలో నా నవ్వు విని నాయన వచ్చి నా జడ పట్టుకుని బయటికి లాగేవాడు. చిన్నప్పటి అమ్మను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముందు అట్లా తలకిందులుగానే వస్తుంది.

"నాకెప్పుడు తీస్తారండీ ఫోటో?" అని అమ్మ అడిగేది. "క్రిస్మస్‌కు కొత్త చీర కడ్తవు గద, అప్పుడు" అనేవాడు నాయన. క్రిస్మస్ వచ్చేసరికి మా చర్చి గుళ్ళో వాళ్ళందరూ కుటుంబాలతో సహా మా మెట్ల మీద బారులు తీరేవాళ్ళు. అమ్మ పిండితో గులాబీ పువ్వులు వేయించుకుంటూ, వచ్చినవాళ్ళ పిల్లల చేతుల్లో తలా ఒకటి పెడుతూ ఉండిపోయేది. కొత్త చీరకు నూనె చుక్కలు పడేవి. "ఈ ముఖంతోనా, వద్దులెండి, తర్వాత తీద్దురు" అని తనే అనేది.

నాయనకు ఇంకో పని కూడా వచ్చు. ఆ పనిలో నాంపల్లి అంతా ఆయనకు పేరు. బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగనివాళ్ళు ఆ రోజుల్లో చాలామంది. పోయాక పడుకోబెట్టి తీసిన ఫోటో ఒక్కటే ఇంటివాళ్ళకు మిగిలేది. అది తెచ్చి నాయనకు ఇస్తే, సన్నటి బ్రష్షుతో మూసిన రెప్పల మీద కళ్ళు గీసి, వాళ్ళు లేచి కూర్చుని చూస్తున్నట్టు చేసి ఇచ్చేవాడు. కళ్ళు తెరిపించడం అనేవాళ్ళు దాన్ని. తీసుకున్నవాళ్ళు అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చేవాళ్ళు. అసలు కళ్ళు ఎట్లా ఉండేవో నాయనకు తెలియదు. ఏవో కళ్ళు గీసేవాడు. ఎవరూ కాదనేవాళ్ళు కాదు.

పని నేర్పుతూ నాతో అనేవాడు, "కెమెరాకు రంగుతోని పని లేదు బిడ్డా. ఎలుగెంత, నీడెంత, గంతే సూడు. రంగు మర్సిపో." తనైతే నిజంగానే మరిచిపోయాడు. ఎర్ర చీరో పచ్చ చీరో అడిగితే చెప్పలేడు. ముదురా లేతా అంటే చెప్పేవాడు.

ఆ ఏడు క్రిస్మస్ పాటలు మొదలైన రోజుల్లో అమ్మకు జ్వరం తగిలింది. అన్నం సయించేది కాదు. అయినా పొద్దున్నే స్టూలు మీద కూర్చునేది. ఇప్పుడు "పప్పు మాడుతోంది" అనేది కాదు, కదలకుండా కూర్చునేది. "ఇయ్యాల మంచిగ కూసున్నవే" అని నాయన మెచ్చుకున్నాడు. చెంప కింద నీడ పెరిగిందని చూశాడు. దీపం ఇంకొంచెం కిందికి దించి ఆ నీడ తీసేశాడు. అంత దగ్గరగా, అంత శ్రద్ధగా ఆ ముఖాన్ని రోజూ చూసిన మనిషి లోకంలో ఇంకొకడు లేడు.

ఒక పగలు మా అత్త వచ్చింది. అత్త అంటే నాయన సొంత అక్క, ఖైరతాబాద్‌లో ఉండేది. మార్కెట్‌కు పోదామని అమ్మను కిందికి, ఎండలోకి తీసుకెళ్ళింది. వీధిలో అడుగు పెట్టగానే అత్త ఆగిపోయింది. అమ్మ గదుమ పట్టుకుని ముఖం పైకెత్తింది.

"ఏందే పిల్లా, కండ్లు గింత పచ్చగున్నయ్? పసుపు పూసినట్టు ఉన్నవు గదనే!"

అట్లాగే మెట్లెక్కి వచ్చి నాయన మీద విరుచుకుపడింది. "రోజు పొద్దుగాల ముంగట కూసోవెట్టుకొని సూస్తివి గదరా! ఏం సూస్తివి?"

నాయన అమ్మను కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాడు. కళ్ళు నిజంగానే పచ్చగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ బల్బుల పసుపు వెలుగులో ఆ పచ్చబడిన కళ్ళు తెల్లగానే కనబడ్డాయి మరి. కామెర్లు ముదిరిపోయాయన్నారు దవాఖానలో. క్రిస్మస్ రాకముందే అమ్మ పోయింది.

అమ్మ శవపెట్టె ఇంటికి వచ్చింది. గుడికి తీసుకుపోయే ముందు పెట్టె చుట్టూ ఇంటివాళ్ళందరూ నిలబడి ఫోటో దిగడం మాలో ఆనవాయితీ. వేరే ఎవరినైనా పిలుద్దామంటే నాయన వద్దన్నాడు. తనే తీశాడు, అందుకే ఆ ఫోటోలో నాయన లేడు. అది అయ్యాక అందరూ పెట్టె మూత కోసం చూస్తుంటే నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"పెట్టె తలకాయి దిక్కు వరండాకు మర్లపండ్రి."

మరలించారు. పూలు తీసెయ్యమన్నాడు, ముఖం మీద నీడ పడుతోందని. స్టూడియోలోంచి బూడిద రంగు గుడ్డ తెచ్చి తల వెనక పెట్టెకు కుట్టిన లేసు కనబడకుండా సర్దాడు. అత్త చేతికి ఒక తెల్ల చీర ఇచ్చాడు.

"అక్కా, జర గీడ నిలవడి పట్టుకో. అటు చెంప సీకటైతున్నది."

"ఏంది తమ్మీ గిది? మతి పోయిందా? గుడికాడ పాస్టరయ్యగారు ఎదురు సూస్తున్నరు."

"పట్టుకో అక్కా."

అత్త పట్టుకుంది. ఏడుస్తూ పట్టుకుంటే చీర వణికింది. కదపవద్దన్నాడు. అమ్మ రోజూ కూర్చునే స్టూలు తెచ్చుకుని దానిమీద ఎక్కి, పైనుంచి వంగి, ఎన్నాళ్ళో వెలుగు సర్దిన ఆ ముఖానికి మొదటిసారి ఫిల్ము పెట్టి తీశాడు. వచ్చినవాళ్ళు గొణుక్కున్నారు. నాకు మాత్రం నాయన "గంత కాదే" అని కసురుకుంటాడేమో, అమ్మ నాలుక బయటపెడుతుందేమో అనిపించింది. పెట్టలేదు.

కోస్తా నుంచి అమ్మ పుట్టింటివాళ్ళు సమయానికి రాలేకపోయారు. మా అమ్మమ్మకు కూతురి కడసారి చూపు దక్కలేదు. ఆదరణ కూడికకు మాత్రం బయల్దేరి వస్తున్నామని కబురు పెట్టింది. పోయినవాళ్ళ ఇంట్లో పెట్టే ఆ ప్రార్థనలో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద బైబిలు, కొవ్వొత్తి, పోయినవాళ్ళ ఫోటో ఉంటాయి. అమ్మమ్మకు చూడటానికి మిగిలింది ఆ ఫోటో ఒక్కటే. పెళ్ళి ఫోటోలో అమ్మ ముఖం కందిగింజంత, దానిమీద ముసుగు. పెద్దది చేస్తే మచ్చలు తప్ప ఏమీ రాలేదు.

"ఫోటోలు దీసెటోని ఇంట్ల పెండ్లాం ఫోటో లేకపాయె" అంది అత్త. "కండ్లు మూసుకున్నది పెడ్తవా తల్లి ముంగట? ఊరందరి కండ్లు తెరిపిస్తివి. గీ పిల్లవి తెరిపియ్యి."

నాయన బ్రష్షు పట్టుకుని కూర్చున్నాడు. గీశాడు, తుడిచాడు. మళ్ళీ గీశాడు. కాగితాలు చింపి కింద పడేశాడు. చివరికి బ్రష్షు కింద పెట్టేసి చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"నాతోని కాదక్కా. నల్లరంగుల ముంచినా గవి నాకు పచ్చగనే కనవడుతున్నయ్."

మర్నాడు పొద్దున నన్ను లేపి స్నానం చేయించాడు. నేను వారం నుంచీ ఏడుస్తూనే ఉన్నాను. చల్లటి నీళ్ళతో నా కళ్ళు మళ్ళీ మళ్ళీ కడిగాడు. మొజంజాహీ మార్కెట్‌కు తీసుకుపోయి సీతాఫలం ఐస్‌క్రీము కొనిపెట్టాడు. చలికాలం, పొద్దున పూట, అమ్మ పోయిన వారానికి ఐస్‌క్రీము ఏమిటో నాకు అర్థం కాలేదు. తిన్నాను. బాగుందని ఇంకా అడిగాను కూడా. స్టూడియోకు వచ్చే ఏడుపుగొట్టు పిల్లల చేతికి నాయన పిప్పరమెంటు ఇచ్చి కళ్ళు మెరిపించేవాడు. ఇదీ అదేనని తర్వాత తెలిసింది.

ఇంటికి వచ్చాక కిటికీలో వెలుగు పోకముందే నన్ను అమ్మ స్టూలు మీద కూర్చోబెట్టాడు. వెనక బూడిద రంగు గుడ్డ. పక్కన తెల్ల చీర.

"గదుమ జర లేపు బిడ్డా. ఎడమకు మర్లు. నవ్వకున్న మంచిదే, ఏడ్వకు. కిటికీ దిక్కు సూడు."

నల్లగుడ్డలోకి దూరాడు. ఇక బయటికి రాలేదు. నేను మెడ నొప్పి పుట్టేదాకా కదలకుండా కూర్చున్నాను. గుడ్డ కింద ఆయన భుజాలు కదులుతున్నాయి. లోపల గాజు మీద నేను తలకిందులుగా కనబడుతూ ఉంటానని నాకు తెలుసు. ఎవరిలా కనబడుతున్నానో కూడా తెలిసింది. దాంతో నాకూ ఏడుపు వచ్చింది. సరిగ్గా అప్పుడే నాయన బయటికి వచ్చి, ఫిల్ము పెట్టి, తీశాడు. వెలుగు పోతోంది. మళ్ళీ తియ్యడానికి లేదు.

ఆ ఫోటోలోంచి నా కళ్ళు కత్తిరించి, పెట్టెలో తీసిన అమ్మ ముఖం మీద అతికించి, అతుకులు బ్రష్షుతో మాన్పి, మళ్ళీ ఫోటో తీసి పటం కట్టాడు. ఎంత వెతికినా అతుకు దొరకదు. నాయన చేసిన పనులన్నిట్లోకీ గొప్ప పని అది.

కూడిక నాడు మా అమ్మమ్మ వచ్చింది. అందరూ "అచ్చం కూసున్నట్టే ఉన్నది" అంటున్నారు. అమ్మమ్మ మాత్రం పటం ముందుకు వచ్చి నిలబడింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. తర్వాత నాయన వైపు తిరిగింది.

"నా పిల్ల ఇంతగా ఏడ్చిందా అల్లుడుగారూ? ఏం కష్టం వచ్చిందని ఏడ్చింది మీ ఇంట్లో?"

నాయన తల దించుకున్నాడు. చెప్పాలంటే మొత్తం చెప్పాలి. కళ్ళు ఎవరివో చెప్పాలి, తను ఎందుకు గీయలేకపోయాడో చెప్పాలి. రోజూ చూస్తూ కూడా పచ్చదనం చూడలేదని ఆ తల్లికి చెప్పాలి.  నేనే అమ్మమ్మ కొంగు పట్టుకుని చెప్పాను.

"అమ్మ ఏడవలేదు అమ్మమ్మా. అవి నా కళ్ళు."

అమ్మమ్మ నన్ను గుండెకు హత్తుకుంది. "అవునమ్మా, అచ్చు నీ కళ్ళే. దాని పోలికే నీకు వచ్చింది" అని ఏడ్చింది. తన కూతురు ఆ ఇంట్లో కుమిలిపోయి చచ్చిపోయింది అనుకునే తిరిగి రైలెక్కింది. కన్నుమూసేదాకా అట్లాగే అనుకుంది. నాయనతో మళ్ళీ మాట్లాడలేదు.

నాయన ఆ తర్వాత ఎవరి కళ్ళూ తెరిపించలేదు. అడిగినవాళ్ళను వెనక్కి పంపేవాడు. ఇప్పుడు ఆ మేడ లేదు. అక్కడ ఫోన్లకు తొడుగులు అమ్మే కొట్లు ఉన్నాయి. ఇరానీ హోటలూ పోయింది. పటం మాత్రం నేను ఏ ఇంటికి మారితే ఆ ఇంటి గోడకు ఎక్కింది. అందరి అమ్మలూ పటంలోంచి పిల్లల్ని చూస్తారు. నన్ను మాత్రం నేనే చూసుకుంటూ పెరిగాను.

ఇదంతా చెప్పేసరికి మా మనవరాలి కళ్ళు ఎర్రగా అయ్యాయి. "పోయి ముఖం కడుక్కునిరా. చేతులు వణికితే ఫోటో చెడుతుంది" అన్నాను. కడుక్కుని వచ్చింది. దుపట్టా సరిచేసింది. కుర్చీని గోడకు ఇంకాస్త దూరం జరిపింది. నేను గదుమ కొంచెం ఎత్తి ఎడమకు తిరిగాను. తీసింది.

"మస్తు వచ్చింది అమ్మమ్మా. నీవి అచ్చం తాతమ్మ కండ్లే..." అని నాలుక కరుచుకుంది.

ఫోను బల్ల మీద పెట్టమన్నాను. కర్ర పట్టుకుని మెల్లగా బల్లకు అవతలి వైపు పోయి, అక్కడినుంచి చూశాను, తలకిందులుగా. నల్లగుడ్డలో దూరినప్పుడు కనబడే అమ్మ ఒక్కసారి కనబడుతుందేమో, అసలు కళ్ళు ఎట్లా ఉండేవో గుర్తొస్తుందేమోనని. ఎంతసేపు చూసినా ఒక ముసలిదాని ముఖమే కనబడింది. కళ్ళు నావే. అమ్మవి ఎట్లా ఉండేవో నాకు గుర్తు లేదు, చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

"ఇంకోటి తియ్యాల్నా అమ్మమ్మా?"

"వద్దు. ఇదే ఉంచండి" అన్నాను. "కళ్ళు తెరిచే ఉన్నాయి కదా."